వీఎఫ్‌ఎక్స్‌కు పుట్టిల్లు.. మోంత్రోయ్!

వీఎఫ్‌ఎక్స్ అనగానే మనకు హాలీవుడ్ గుర్తొస్తుంది. కానీ తెర మీది మాయకు పుట్టిల్లు పారిస్‌ను తూర్పున ఆనుకుని ఉన్న మోంత్రోయ్. ఒకప్పుడు పీచ్ పండ్లకు పేరున్న ఊరు. చెట్ల పక్కన కట్టిన గోడలు పగటి ఎండను దాచుకుని రాత్రి వెచ్చదనం ఇచ్చేవి. చలి దేశంలో భలే చిట్కా కదూ!

ఇక్కడే 1897లో జార్జ్ మెలియెస్ ఎండ పడేలా అద్దాల స్టూడియో కట్టారు. అసలాయన ఇంద్రజాలికుడు. కెమెరా ఆపి, మనిషిని పక్కకు తప్పించి, మళ్లీ తిప్పేవారు. తెరపై చూస్తే మనిషి మాయం! 1902లో చంద్రుడి మీదికి ప్రయాణం సినిమా తీశారు. సెట్లు, నటన, దర్శకత్వం అన్నీ తనవే. మన ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయలూ ఈ కోవలోవే.

మరి డబ్బులు? అమెరికాలో ఆ సినిమాకు దొంగ ప్రింట్లు వేసి వేరేవాళ్లు సొమ్ము చేసుకున్నారు. జనం అభిరుచి మారింది, ఆయన సినిమాలు మారలేదు. 1923లో మోంత్రోయ్ ఆస్తి చేజారింది. కడుపుమంటతో నెగెటివ్‌లు తగలబెట్టేశారు. 500కు పైగా సినిమాలు తీసిన మనిషి చివరికి పారిస్‌లోని మోంపర్నాస్ రైల్వేస్టేషన్‌లో బొమ్మలు అమ్ముకున్నారు. షోరీల్ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా కాంట్రాక్టులోని హక్కుల పేరా మీద పెట్టండి.

స్టూడియో ఇప్పుడు లేదు. ఊళ్లో మాలీ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. ఏటా పిల్లల పుస్తకాల పండగ జరుగుతుంది. ఆరు తెరల ప్రభుత్వ సినిమా హాలుకు మెలియెస్ పేరే పెట్టుకున్నారు. పారిస్‌కు చదువుకు వెళ్లేవాళ్లు 9వ నంబరు మెట్రో ఎక్కి మోంత్రోయ్ వైపు చివరి స్టేషన్‌లో దిగితే, హాలు దగ్గర్లోనే!