మంచి ముక్కలు పడవేయడంలోని గణితం

మస్కట్‌లో శుక్రవారం సాయంకాలం నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే, భోజనాలకు ముందో తరువాతో పేకముక్కలు బయటికి రావడం కద్దు. ఒమాన్ చట్టం జూదాన్ని నేరంగా పరిగణిస్తుంది. కనుక మనం ఇక్కడ ఆడుకునేది పాయింట్ల లెక్కతో సాగే వినోదం మాత్రమే. అయినా అందులో ఒక చక్కని గణిత సమస్య ఇమిడి ఉంది. చేతికి మంచి ముక్కలే వచ్చినప్పటికీ, వాటిని పడవేసి తప్పుకోవడం ఎప్పుడు వివేకం అనిపించుకుంటుంది?

ఆటకూ గణనకూ గల సంబంధం మన పూర్వులకు తెలియనిది కాదు. భారతంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు రథం మీద పోతూ తాండ్రచెట్టు ఆకులెన్నో, కాయలెన్నో చెప్పి, పిమ్మట నలునికి అక్షహృదయమనే పాచికల విద్యను ఉపదేశిస్తాడు. మన కాలానికి వస్తే, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది విడవాలో నిర్ణయించుకోవడం ఆ నైపుణ్యంలో భాగాలు. ఈ వ్యాసం ఆ ‘విడవడం’ గురించే.

మన ఇళ్ళలో ఆడే 101 రమ్మీనే తీసుకుందాం. 101 పాయింట్లు చేరినవారు ఆట నుండి తొలగిపోతారు. ముక్క తీయకముందే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, పూర్తిగా ఓడితే గరిష్ఠంగా 80 పాయింట్లు పడతాయి. ఒకే విధమైన చేయి ముగ్గురికి వచ్చిందనుకోండి. 30 పాయింట్లున్నవాడు ధైర్యంగా ఆడవచ్చు. 40 పడినా 70 దగ్గర నిలుస్తాడు. 75 ఉన్నవాడు ఆడి 26 పాయింట్లతో ఓడినా ఇంటిదారి పట్టవలసిందే. డ్రాప్ అయితే 95 దగ్గర ఇంకొక ఆటకు మిగిలి ఉంటాడు. ఇక 85 ఉన్నవాడికి డ్రాప్ అయ్యే వీలే లేదు. 20 కలిస్తే 105. ఎంత చెడ్డ ముక్కలు వచ్చినా ఆడక తప్పదు. అంటే నిర్ణయం ముక్కల బలం మీద మాత్రమే కాక, ఆటగాడు నిలిచిన చోటు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఈ సూత్రం మరింత స్పష్టంగా కనిపించేది పోకర్ టోర్నమెంటులో. అక్కడ ప్రతి ఆటగాడికీ సమానంగా బిళ్ళలు ఇస్తారు. బిళ్ళలన్నీ పోయినవాడు తొలగిపోతాడు. ఎవరు ఎన్నవ స్థానంలో నిలిచారన్నదే బహుమతిని నిర్ణయిస్తుంది. నలుగురు మిగిలారనీ, ఒక్కొక్కరి వద్ద 5,000 బిళ్ళలున్నాయనీ, మొదటి మూడు స్థానాలకు 50, 30, 20 మార్కులనీ అనుకుందాం. మొత్తం 100 మార్కులు. నలుగురూ సమానులు గనుక ఒక్కొక్కరి స్థితి విలువ 25.

ఇప్పుడు ఎదుటివాడు బిళ్ళలన్నీ ఒడ్డాడు. మీరు అంగీకరించి గెలిస్తే మీకు 10,000 బిళ్ళలు. విలువ 50 అవుతుందా? కాదు. మీరు మొదటి స్థానం పొందే అవకాశం సగం. రెండవ స్థానానికి అవకాశం మూడింట ఒక వంతు, మూడవదానికి ఆరింట ఒక వంతు. ఆ లెక్కన 25, 10, 3.33 కలిపి మీ విలువ 38.33 మాత్రమే. ఓడితే సున్న. ఉన్న 25 మార్కులను పణంగా పెట్టి 38.33 ఆశించాలంటే గెలిచే అవకాశం కనీసం 65 శాతం ఉండాలి. బిళ్ళలను మాత్రమే లెక్కిస్తే 50 శాతమే చాలుననిపిస్తుంది. మీ చేతిలో రెండు పదులు, ఎదుటివాని చేతిలో ఆసు, రాజు ఉన్నాయనుకుంటే మీరు గెలిచే అవకాశం సుమారు 56 శాతం. మీదే పైచేయి. అయినా పడవేయడమే లెక్కకు సరిపోతుంది.

మరి ఆ మిగిలిన 11.67 మార్కులు ఏమైనట్లు? ముక్క కూడా ముట్టకుండా చూస్తూ కూర్చున్న మిగతా ఇద్దరికీ చెందాయి. వారి విలువ 25 నుండి 30.83కు పెరిగింది. ఇద్దరు పోట్లాడుకుంటే లాభం మూడవవానికి అన్న లోకానుభవం ఇక్కడ అంకెలలో కనిపిస్తుంది.

ఈ లెక్కింపు పద్ధతికి మూలం గుర్రప్పందేలలో స్థానాల సంభావ్యతపై డేవిడ్ హార్విల్ 1973లో ప్రకటించిన సూత్రం. దానిని మేసన్ మాల్మూత్ పోకర్‌కు అన్వయించారు. అందరి నైపుణ్యమూ సమానమనే ఊహ దీనికి పునాది గనుక దీనిని దిక్సూచిగా గ్రహించాలే గాని శాసనంగా కాదు. దీని వెనుకనున్న భావం ఇంకా పాతది. సంపద పెరిగేకొద్దీ అదనంగా చేరే ప్రతి రూపాయి విలువా తగ్గుతుందని డేనియల్ బెర్నూలీ 1738లోనే వివరించాడు.

నైపుణ్యం ఉన్న ఆట గనుక ప్రమాదం లేదనే భ్రమ కొందరికి కలదు. అది సరికాదు. ఎంతటి నిపుణుడైనా ఉన్నదంతా ఒకేసారి ఒడ్డితే, ఒక్క ఓటమితో అతని లెక్కలన్నీ ముగిసిపోతాయి. పందెం ఆటలు ఎన్నో ఇళ్ళను కూల్చడం చూసే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో భారత పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

దూరదేశంలో ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము టోర్నమెంటు బిళ్ళల వంటిదే. పోతే మళ్ళీ పంచి ఇచ్చేవారుండరు. ఎవరైనా ‘రెట్టింపు ఖాయం’ అంటూ ఒక పథకం తెచ్చినప్పుడు, గెలిస్తే ఎంత వస్తుందన్నది మొదటి ప్రశ్న కారాదు. ఓడితే ఇంకొక ఆట ఆడేందుకు మనం మిగిలి ఉంటామా అన్నదే మొదట అడగవలసినది. వచ్చే శుక్రవారం పిల్లలతో పేక ఆడేటప్పుడు 25, 38.33 లెక్కను కాగితం మీద వారిచేతనే వేయించండి. సంభావ్యతా శాస్త్రంలో అంతకంటే మంచి తొలి పాఠం దొరకదు.