రాడారు కన్ను – రెక్క క్రింది బరువు

ఆకాశమున విమానపు మ్రోత వినబడినంతనే పిల్లలు ఆట మాని తల యెత్తి చూచెదరు. ఇంటికి వచ్చి, “రాడారుకు కనబడని యుద్ధవిమానములు కలవట, నిజమేనా?” అని తల్లిదండ్రుల నడుగుదురు. అట్టి ప్రశ్నకు ఇంటిభాషలోనే సమాధాన మీయగలిగిన బాగుండునని తలచి, మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నూతిలోనికి వంగి కేక వేసినచో ప్రతిధ్వని వచ్చును గదా! రాడారును అట్లే రేడియో తరంగములను పంపి, అవి వస్తువునకు తగిలి మరలివచ్చుటను కనిపెట్టును. మరలివచ్చిన తరంగమే దానికి చూపు. బొత్తిగా కనబడని విమానమేదియు లేదు. తక్కువగా కనబడునవి మాత్రము కలవు. పైబడిన తరంగములు వచ్చిన దారినే పోక ప్రక్కలకు జారిపోవునట్లు వాని ఆకారమును తీర్చుదురు. కొంత తరంగశక్తిని పైపూత పీల్చుకొనును.

ఇట్టి విమానమునకు రెక్కల క్రింద బాంబునో, క్షిపణినో, అదనపు ఇంధనపు ట్యాంకునో వ్రేలాడదీసినచో ఏమగును? సైకిలు వెనుక మడ్‌గార్డుపై నుండు ఎఱ్ఱబిళ్ళను చూడుడు. దానిలో దీపము లేదు. అయినను లారీ వెలుగు పడగానే మెరయును. ఏలయన, బిళ్ళ లోపల మూడేసి పలకలు చతురస్రముగా కలిసిన సన్నని మూలలు పెక్కు కలవు. మూలలో పడిన వెలుగు ఒక పలకనుండి మరియొక పలకకు తగిలి, తుదకు వచ్చిన దిక్కునకే మరలును. రెక్కకును, ఆయుధమును రెక్కకు బిగించు పైలాన్ అను భాగమునకును నడుమ ఇట్టి మూలయే ఏర్పడును. క్షిపణికి గల చిన్న రెక్కలు మరికొన్ని మూలలను చేర్చును. బాంబును విడిచిన పిదపను పైలాన్ మిగిలియుండినచో దోషము పూర్తిగా తొలగదు.

ఈ దోషమెంతటిదో లెక్కలో చూతము. తరంగమును మరల్చు వైశాల్యము పదునాఱవ వంతునకు తగ్గినను, విమానము కనబడు దూరము సగమునకు మాత్రమే తగ్గును. మామూలు విమాన మొకటి 160 కిలోమీటర్ల దూరమున కనబడునని యనుకొందము. ఆ దూరమును 16 కిలోమీటర్లకు దింపవలెనన్నచో, ఆ వైశాల్యమును పదివేలవ వంతునకు దింపవలయును. గంటకు 900 కిలోమీటర్ల వేగముగల విమానము నిమిషమునకు 15 కిలోమీటర్లు సాగును. అనగా కావలివారికి మొదట పది నిమిషములకు మించి వ్యవధి యుండగా, ఇప్పు డొక్క నిమిషమే చిక్కినది. ఇంత శ్రమతో సాధించిన విమానమునకు, మొదటి వైశాల్యములో పదునాఱవ వంతు మాత్రము గల సరకును తగిలించితిమా, దూరము మరల 80 కిలోమీటర్లగును. వ్యవధి ఐదు నిమిషములు దాటును. లోన కూర్చున్న పైలటు ప్రాణము ఆ నిమిషములపై నాధారపడియున్నది.

అందువలననే 1981లో తొలిసారి యెగిరిన అమెరికావారి ఎఫ్-117 విమానము తన బాంబులను కడుపులోనే దాచుకొనెను. కాని ఆ అరలో పట్టినవి రెండు బాంబులే! దాగుటకు చెల్లించిన వెల యిది. తరువాత వచ్చిన ఎఫ్-35 విమానము రెండు విధములను నేర్చినది. శత్రు రాడారులు బలముగా నున్నప్పుడు ఆయుధములు లోపలనే యుండును. అవి దెబ్బతినిన పిదప రెక్కల క్రిందను బరువు మోయగలదు. ఆయుధమును విడుచుటకు అర తలుపులు తెఱచినప్పుడు సైతము ప్రతిధ్వని పెరుగును గనుక, వానిని తెఱచిన వెంటనే మూయుదురు.

మన తేజస్ విమానము ఆయుధములను వెలుపలనే మోయును. బెంగుళూరునందు రూపకల్పన జరుగుచున్న ఆమ్కా యను విమానమునకు లోపలి అర యేర్పరచుచున్నారు. దాని రూపకల్పనకును, నమూనాల నిర్మాణమునకును కేంద్రప్రభుత్వము 2024లో అనుమతి నొసగెను.

ఇంకొక వింత. శాంతికాలమున ఎఫ్-35 వంటి విమానములకు చిన్న బుడిపెలవంటి ప్రతిఫలకములను కావలెననియే తగిలింతురు. విమానాశ్రయ రాడారులకు స్పష్టముగా కనబడుటయు, అసలు ప్రతిధ్వని యెంతయో పరులకు తెలియకుండుటయు దాని ప్రయోజనములు. పిడికెడు వస్తువు విమానము నంతటిని బయటపెట్టగలదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

ఈ రాత్రి మీ పిల్లవానికి టార్చిలైటు నిచ్చి, చీకటిలో ముందు ఏటవాలుగా నిలిపిన అద్దముపైనను, పిదప సైకిలు బిళ్ళపైనను వేయించి చూడుడు. అద్దపు వెలుగు గోడమీదికి పోవును. బిళ్ళ వెలుగు వాని కంటికే వచ్చును. మేమింతవఱకు చెప్పినదంతయు వానికి అర్థమగును.