స్వంత వెబ్‌సైటు - దాని సంరక్షణము

పూర్వము ఒక మనుష్యుడు తన భావములను లోకమునకు తెలుపదలచినచో ముద్రణాలయము నాశ్రయింపవలసి యుండెడిది. కాగితమునకును, అచ్చుకూలికిని ధనము కావలసివచ్చెడిది. నేడు ఇంటర్నెట్టు మూలమున ఆ శ్రమ చాల తగ్గినది. ఎవరైనను తమ రచనలను, చిత్రములను స్వంత వెబ్‌సైటులో నుంచి దేశదేశముల వారికి చూపవచ్చును. అట్టి వెబ్‌సైటులను నడుపు సాఫ్ట్‌వేరులలో వర్డ్‌ప్రెస్ మిక్కిలి ప్రసిద్ధమైనది.

దాని పుట్టుక తెలిసికొనదగినది. 2001వ సంవత్సరమున మిషెల్ వాల్‌ద్రిగీ యను ఫ్రాన్సు దేశీయుడు 'బి2' అను సాఫ్ట్‌వేరును రచించెను. కొంతకాలమునకు ఆ పని నిలిచిపోయెను. దానిని వాడుచున్నవారికి ముందు దారి తోపకుండెను. అయితే 'బి2' జి.పి.ఎల్. అను లైసెన్సుతో వెలువడినది. ఆ లైసెన్సు ననుసరించి సాఫ్ట్‌వేరును ఎవరైనను వాడవచ్చును. దాని మూలరచనను చదివి మార్చవచ్చును. మార్చినదానిని ఇతరులకు పంచవచ్చును. పంచునప్పుడు తాము పొందిన స్వేచ్ఛనే ఇతరులకును ఒసగవలయును. ఇట్టివానిని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులందురు. 2003 జనవరిలో, అమెరికాలో పందొమ్మిదేండ్ల విద్యార్థియగు మాట్ ముల్లెన్‌వెగ్ ఆ పనిని కొనసాగింపదలచితినని ప్రకటించెను. ఇంగ్లండునుండి మైక్ లిటిల్ తోడ్పడుటకు ముందుకు వచ్చెను. వారి కృషి ఫలితముగా 2003 మే 27వ తేదీన వర్డ్‌ప్రెస్ విడుదలయ్యెను. మూలరచన అందరికిని తెరచియుండుట చేతనే ఒకరు విడిచిన పనిని మరొకరు అందుకొనగలిగిరి.

వర్డ్‌ప్రెస్ పనిచేయు విధము సులభముగా గ్రహింపవచ్చును. రచయిత వ్రాసిన వ్యాసములు సర్వరునందలి డేటాబేసులో భద్రముగా నుండును. పాఠకుడు పుట నడిగినంతనే పి.హెచ్.పి. భాషలో వ్రాయబడిన ఆజ్ఞలు ఆ వ్యాసమును వెలికి తీసి, పుటగా కూర్చి పంపును. పుటకు రూపము నిచ్చునది థీము. అదనపు సౌకర్యములను కలిగించునవి ప్లగిన్లు. థీమును మార్చినను వ్యాసములు చెడవు. మనుష్యుడు వస్త్రము మార్చుకొనినట్లు పుట యొక్క రూపము మాత్రమే మారును.

వెబ్‌సైటును నెలకొల్పుటతో పని ముగియదు. సాఫ్ట్‌వేరులో అప్పుడప్పుడు లోపములు బయటపడుచుండును. వానిని సవరించి క్రొత్త కూర్పులను విడుదల చేయుదురు. 4.7, 4.7.1 కూర్పులలో ఒక పెద్ద లోపముండెను. పాస్‌వర్డు తెలియనివారు సైతము ఇతరుల వ్యాసములను మార్చివేయుటకు అది అవకాశ మిచ్చెను. 2017 జనవరి 26న దానిని సవరించిన 4.7.2 కూర్పు వెలువడెను. అందరును మార్చుకొనుటకు వ్యవధి నిచ్చుటకై ఆ లోపమును ఫిబ్రవరి 1వ తేదీవరకు బహిరంగపరుపలేదు. చిన్న సవరణలు తమంతట తామే చేరు ఏర్పాటు 2013 నుండియే కలదు. ఐనను మార్చుకొనని సైటులు అనేకములు మిగిలియుండెను. దుండగులు అట్టి సైటులపై బడి వేలకొలది పుటలను పాడుచేసిరి. మందు చేతికందియు సేవింపని రోగి గతి వాని యజమానులకు పట్టెను.

క్రొత్త కూర్పునకు మారుటకు ముందు డేటాబేసునకును, చిత్రములు మొదలగు ఫైళ్లకును నకళ్లు తీసి, వానిని వేరొకచోట భద్రపరుపవలయును. నకలును అదే సర్వరులో నుంచినచో సర్వరు చెడినపుడు రెండును పోవును. వాడని ప్లగిన్లను తొలగింపవలయును. మారిన పిమ్మట పుటలు సరిగా కనబడకున్నచో ప్లగిన్ల నన్నిటిని ఆపి, ఒక్కొక్కదానిని తిరిగి నడిపించి చూచినచో దోషమెచ్చటనున్నదో తెలియును. సాఫ్ట్‌వేరు ఉచితమైనను సర్వరు అద్దెను, వెబ్‌సైటు పేరునకు రుసుమును గడువులోగా చెల్లింపవలయును. మరచినచో ఆ పేరు పరుల పాలగును.

చెరువును ఎవరో త్రవ్వింతురు. ఏటేట దాని గట్టును చూచుకొనువారున్నంత కాలమే అందు నీరు నిలుచును. ఉచితముగా లభించిన సాఫ్ట్‌వేరు విషయమునను ఇదియే ధర్మము. శ్రద్ధతో కాపాడుకొనువారి రచనలే చిరకాలము పాఠకులకు అందుచుండును.