చిన్న కర్మాగారము – దేశరక్షణ

కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున, పెన్నానది లోయ యంచున గండికోట కలదు. 17వ శతాబ్దమున ఈ దుర్గము గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. 1652లో తవెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ఇచ్చటికి వచ్చెను. అప్పుడు కోటలో ఫిరంగులు పోతపోయు ప్రయత్నము జరుగుచుండెను. ఆ పనికై ఫ్రాన్సు దేశపు పోతపనివాడొకడు నియమింపబడియుండెను. ఇరువది ఫిరంగులు కావలెనని మీర్ జుమ్లా కోరిక. రాగి సమకూడెను, కొలుములు మండెను. కాని తవెర్నియే వ్రాతను బట్టి చూడగా, ఒక్క ఫిరంగియైనను పనికివచ్చునట్లు సిద్ధము కాలేదు. ఒకటి పగులువారెను, మరియొకటి అసంపూర్ణముగ నిలిచిపోయెను.

ఫిరంగి పోతలోనే పగిలినచో నష్టము రాగికి మాత్రమే. ఆ పగులు ఎవరి కంటను పడక, ఫిరంగి బురుజు నెక్కినచో, మొదట మరణించువాడు శత్రువు కాదు; దానిని ప్రేల్చు సిపాయియే. ఆయుధములను చేయు పనికిని, ఇతర వస్తువులను చేయు పనికిని గల భేదమిదియే. గండికోట కాలమునకును నేటికిని ఈ ధర్మము మారలేదు.

నేడు పులివెందుల వంటి పట్టణమున లేతు యంత్రములు గల చిన్న కర్మాగారములు పెక్కు కానవచ్చును. చీనీ తోటలకును అరటి తోటలకును నీరు తోడు బోరుబావుల మోటార్లకు ఇరుసులు చెక్కుట, ట్రాక్టరు భాగములను బాగుచేయుట వాని నిత్యకృత్యము. అందలి పనివాండ్రు నేర్పరులు. అరిగిపోయిన ఇరుసును చేతబట్టి చూచి, దానికి సరిపోవు క్రొత్తదానిని ఆ పూటకే చేసియిత్తురు. ఇట్టి కర్మాగారము క్షిపణికి గాని, విమానమునకు గాని కావలసిన భాగమును చేయగలదా? చేయగలదు. కాని దానికి చేతినేర్పు ఒక్కటియే చాలదు.

ముందుగా తెలియవలసిన విషయమొకటి కలదు. ఏ పెద్ద సంస్థయు తన ఆయుధమందలి ప్రతి భాగమును తానే చేయదు. ఒక్క క్షిపణిలో వేలకొలది భాగములుండును. పెద్ద సంస్థ వానిని కూర్చి, పరీక్షించి, సైన్యమునకు అప్పగించును. దానికి పెద్ద భాగములను మధ్యతరహా కర్మాగారములు చేసి యిచ్చును. ఆ కర్మాగారములకు మరమేకులు, బిళ్లలు, గొట్టములు, బిగింపులు మొదలగువానిని చిన్న కర్మాగారములు సమకూర్చును. కావున చిన్నవాడు మొదటనే పెద్ద సంస్థ వాకిట నిలువనక్కరలేదు. తాను బాగుగ చేయగల భాగమొకదానిని ఎన్నుకొని, మధ్యనున్న కర్మాగారమునకు అందించుట తొలిమెట్టు.

ఈ మెట్లెక్కిన వారికి హైదరాబాదు నగరము సాక్ష్యము. 1970లో అచ్చట భారత్ డైనమిక్స్ అను ప్రభుత్వ క్షిపణి సంస్థ యేర్పడెను. ప్రత్యేక లోహములను తయారుచేయుటకై 1973లో మిధాని స్థాపింపబడెను. 1970లోనే, హెచ్.ఎమ్.టి. యంత్రకర్మాగారమున పనిచేసిన పి. రవీంద్రారెడ్డి మొదలగువారు కలసి బాలానగరమున ఎంటార్ అను చిన్న సంస్థను నెలకొల్పిరి. యంత్రములను బాగుచేయుట దాని తొలి వృత్తులలో నొకటి. క్రమముగ అది అణువిద్యుత్ కేంద్రములకు భాగములను చేసెను. పిదప అంతరిక్ష సంస్థ వారి వికాస్ ఇంజనునకును, అగ్ని క్షిపణికిని భాగములను సమకూర్చెను. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వమున సమగ్ర క్షిపణి కార్యక్రమము ఆరంభమయ్యెను. 1987లో కొన్ని దేశములు కూడి క్షిపణి పరిజ్ఞానమును ఇతరులకు ఇయ్యరాదని కట్టడి చేసికొనెను. విదేశముల నుండి రానిదానిని స్వదేశముననే చేయవలసివచ్చెను. ఆ యవసరమే చిన్న కర్మాగారములకు ద్వారము తెరచెను.

ఆ ద్వారమున ప్రవేశించువాడు నేర్వవలసిన మొదటి విద్య కొలత. పెద్ద సంస్థ ఇచ్చు డ్రాయింగులో ప్రతి కొలతకును ప్రక్కన, ఎంత తేడా చెల్లునో వ్రాయబడియుండును. ఒక్కొక్కచో ఆ తేడా పది మైక్రానులకు మించరాదు. మిల్లీమీటరులో వెయ్యవవంతు మైక్రాను. తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. బోరుమోటారు ఇరుసును ఆ మోటారుకు తగినట్లు చెక్కిన చాలును. ఇచ్చట అట్లు కాదు. చేసిన వెయ్యి భాగములలో దేనిని తీసి దేని స్థానమున పెట్టినను సరిపోవలెను. ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1785లోనే ఫ్రాన్సున హోనోరే బ్లాంక్ అను తుపాకుల పనివాడు, విడదీసి కలగలిపిన భాగములతో తుపాకీ మరలను కూర్చి చూపగా, అమెరికా రాయబారి జెఫర్సన్ ఆశ్చర్యపడెను.

రెండవ విద్య రుజువు. ప్రొద్దుటూరి బంగారు అంగడిలో నగ మేలిమిని వర్తకుని మాటను బట్టి గాక, గీటురాయిపై తేల్చుట వాడుక. రక్షణపరిశ్రమలో గీటురాయి కాగితము. లోహము ఏ కర్మాగారమున, ఏ పోతలో తయారైనదో ధ్రువపత్రముండవలెను. కొలుచు సాధనములు సరియైనవని గుర్తింపు పొందిన ప్రయోగశాల చెప్పవలెను. ఏ భాగమును ఏ దినమున ఎవరు చేసిరి, ఎవరు తనిఖీ చేసిరి అను వివరము నమోదు కావలెను. మొదట చేసిన నమూనాను పెద్ద సంస్థ అన్ని విధముల పరీక్షించి, ఒప్పుకొనిన పిమ్మటనే మిగిలినవానిని చేయవలెను. ఏండ్లు గడచిన తరువాత ఏదేని భాగము చెడినచో, దానితోపాటు అదే పోతలోహముతో చేసినవన్నియు ఎచ్చటనున్నవో వెదకి తీయుటకు ఈ వ్రాతలే ఆధారము.

మూడవది ఓర్పు. నమూనాకు నెలలు పట్టును; ఆర్డరు వచ్చుటకు అంతకన్నను ఎక్కువ పట్టవచ్చును. ఈలోపున లోహమునకును యంత్రమునకును తెచ్చిన అప్పుపై వడ్డీ పెరుగుచునే యుండును. ఈ కష్టమును తగ్గించుటకు కొన్ని శాసనములు కలవు. 2006 నాటి చట్టము ప్రకారము సూక్ష్మ, చిన్న పరిశ్రమల సరకు నంగీకరించిన కొనుగోలుదారు 45 దినములకు మించక సొమ్ము చెల్లింపవలెను; లేనిచో బ్యాంకు రేటునకు మూడురెట్లు చక్రవడ్డీ యీయవలెను. కేంద్రప్రభుత్వ శాఖలును సంస్థలును తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతము ఇట్టి పరిశ్రమలనుండి కొనవలెనని 2018లో నిర్ణయింపబడెను. ఉద్యమ్ నమోదు గల చిన్న పరిశ్రమలకు టెండరు ధరావతు నుండి మినహాయింపు కలదు. దిగుమతి యగుచున్న రక్షణ వస్తువులలో దేశమున చేయదగినవానిని తెలుపు సృజన్ అను పట్టిక 2020 నుండి అందరికిని అందుబాటులో నున్నది. అయినను చట్టమున్నంత మాత్రమున సొమ్ము వేళకు చేతికి రాదు. కావున వివేకి యగువాడు బోరుమోటార్ల పనిని మానక, రక్షణపనిని దాని ప్రక్కన పెంచుకొనును. ఒక్క కొనుగోలుదారుపైననే ఆధారపడినవానికి ఆ ఆర్డరు ఆగిననాడు కొలిమి చల్లారును.

అన్నిటికన్న కఠినమైన పరీక్ష తనిఖీ అధికారి రాకముందే జరుగును. నూరు భాగములు సిద్ధమైనవి. రేపే పంపవలెను. పనివాడు మరల కొలువగా ఐదింటిలో తేడా కనబడినది. ఆకురాయితో కొంచెము రుద్దినచో పైకి తెలియదు. ఆ ఐదింటిని ప్రక్కన పెట్టినచో గడువు తప్పును, నష్టము వచ్చును, యజమాని కోపగించవచ్చును. ఆ వేళ పనివాడు మాటాడుటయో, మౌనము వహించుటయో అను దానిపై, ఎన్నడును అతడు చూడని ఒక సైనికుని ప్రాణమాధారపడియుండును. గాలిలో ఎగిరిన క్షిపణిలో వదులైన మరమేకును బిగించువారెవ్వరును ఉండరు. తప్పు చెప్పిన పనివానిని దండింపక మెచ్చుకొను యజమాని గల కర్మాగారమే ఈ పరీక్షలో నెగ్గును.

గండికోటలో రాగికి కొదువ లేదు. అగ్నికి కొదువ లేదు. దూరదేశపు పనివాడును వచ్చెను. అయినను పోత నిలువలేదు. పులివెందుల లేతు యంత్రముపై చెక్కబడిన చిన్న బిళ్లయైనను కొలతకు నిలచి, రుజువుకు నిలచినచో, దేశరక్షణలో దానికి స్థానము కలదు. పెద్ద సంస్థ కొనునది ఆ బిళ్లను మాత్రమే కాదు. మొదటిదాని వలెనే వెయ్యవదియు నుండునను నమ్మకమును.