ల్వార్ నదికి ఆవలి గట్టు: రెజే

మహానగరముల చెంతనుండు చిన్న ఊళ్లకు ఒక చిక్కు కలదు. నగరము పెరిగినకొలది వాటి పొలములు వీధులగును. ఆ వీధులు నగరపు వీధులతో కలిసిపోవును. తుదకు ఊరి పేరు బస్సు ఆగుచోట పలకమీద మాత్రమే మిగులును. ఫ్రాన్సు దేశపు పశ్చిమభాగమున, చారిత్రకముగా బ్రిటనీ సీమకు చెందిన రెజే పట్టణము ఈ చిక్కును చాలకాలముగా ఎదుర్కొనుచున్నది. అయినను అది తన పేరును, తన తీరును నిలుపుకొన్నది. అది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొందము.

ల్వార్ ఫ్రాన్సులోని నదులన్నిటిలో పొడవైనది. సుమారు 1,000 కిలోమీటర్లు ప్రవహించి అట్లాంటిక్ మహాసముద్రమున కలియును. సముద్రమునకు సుమారు 50 కిలోమీటర్ల ఎగువన, ఉత్తరపు గట్టున, నాంత్ మహానగరమున్నది. దాని కెదురుగా దక్షిణపు గట్టున రెజే యున్నది. తూర్పున సేవ్ర్ అను ఉపనది వచ్చి ల్వార్‌లో కలియుచున్నది. ఊరి వైశాల్యము సుమారు 14 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య 40,000కు మించినది. సముద్రపు పోటు ఇంతదూరము ఎగదన్నును గనుక ఇచట నదినీరు దినమునకు రెండుమారులు పొంగి, రెండుమారులు తీయును.

పరిపాలనలో రెజే ఒక కమ్యూను. ఫ్రాన్సులో మహానగరమైనను, కుగ్రామమైనను స్థానికపాలనకు కమ్యూనే మూలము. ప్రతి కమ్యూనుకు ఎన్నికైన సభయు, మేయరును ఉందురు. రవాణా వంటి ఉమ్మడి పనులను నాంత్, రెజే మొదలగు 24 కమ్యూనులు కలిసిన మహానగర సంఘము చూచుచున్నది. నాంత్ నుండి ట్రాము ఎక్కినచో కొద్ది నిమిషములలో రెజే చేరవచ్చును. కాని రెజే నాంత్‌లో ఒక పేట కాదు.

ఈ ప్రత్యేకత నిన్న మొన్నటిది కాదు. రోమనుల కాలమున ఇచట రతియాతుమ్ అను రేవుపట్టణ ముండెను. మన ఆంధ్రతీరమును మైసోలియా అని పేర్కొన్న 2వ శతాబ్దపు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీయే ఈ రతియాతుమ్‌ను కూడ పేర్కొనెను. అది పిక్తోనులను జాతివారి పట్టణము. ఎదుటి గట్టు నమ్నేతులను వేరొక జాతివారిది. నాంత్ అను పేరు వారినుండియే వచ్చినది. నేడు వంతెనలతో రెండు ఊళ్ల నడుమ ఒదిగియున్న నది ఆనాడు రెండు సీమలకు ఎల్ల. సాన్ లూప్యాన్ అను చోట జరిగిన త్రవ్వకములలో నాటి రేవుగట్టులు, కట్టడముల పునాదులు బయల్పడినవి. 3వ శతాబ్దినుండి ఈ పట్టణము క్షీణించెను. నది ఒండ్రును తెచ్చి రేవును పూడ్చుట అందుకు ఒక కారణము. పట్టణము పోయినను పేరు పోలేదు. రెజే అను పేరును, దక్షిణతీరమందలి రెట్జ్ సీమ పేరును రతియాతుమ్ నుండి పుట్టినవే. ఆ శిథిలముల చెంతనే 2017లో క్రోనోగ్రాఫ్ అను పురావస్తు ప్రదర్శనశాలను తెరచిరి.

మరి ఇది బ్రిటనీకి ఎట్లు చెందెను? 851వ సంవత్సరమున ఆంజే వద్ద జరిగిన సంధిలో ఫ్రాంకుల రాజగు చార్లెసు, బ్రిటనీ పాలకుడగు ఎరిస్పోయెకు రెన్, నాంత్, రెట్జ్ సీమలను విడిచిపెట్టెను. ఇచటి ప్రజల వాడుకభాష బ్రెటన్ కాదు; లాటిను నుండి పుట్టిన మాండలికము. అయినను ఆనాటినుండి వీరి చరిత్ర బ్రిటనీ చరిత్రతో పెనవేసుకొన్నది. బ్రిటనీ డ్యూకుల కోట నేటికిని నాంత్‌లో నిలిచియున్నది. 1532లో బ్రిటనీ ఫ్రాన్సు రాజ్యమున కలిసెను.

రెజేలో నదికి మిక్కిలి దగ్గరి భాగము త్రాంత్‌మూ. ఒకప్పుడిది నది నడుమనున్న లంక, బెస్తవారి పల్లె. నదీపాయలు పూడిన పిదప గట్టుతో కలిసిపోయినది. ఇండ్లు సన్నముగా, ఎత్తుగా నుండును. నడుమ సందులు ఇద్దరు మనుష్యులు ప్రక్కప్రక్కన నడచునంత మాత్రమే. వరదనీరు క్రిందిభాగమున చేరినను పై అంతస్తులలో కాపురము సాగుటకు ఈ కట్టుబడి అనుకూలించెను. 19వ శతాబ్దిలో ఇచటి యువకు లనేకులు దక్షిణ అమెరికా కొననున్న హార్న్ అగ్రమును చుట్టివచ్చు తెరచాప ఓడలలో నావికులై, కొందరు కెప్టెనులైరి. పడవలకు పూయగా మిగిలిన రంగులనే గోడలకు పూసెడివారని చెప్పుదురు. నేటికిని ఆ గోడలు రంగురంగులుగనే యున్నవి. 1887 నుండి 1958 వరకు రోక్యో అను చిన్న ఆవిరిపడవలు ఇచటివారిని నాంత్‌కు చేరవేసెడివి. తరువాత దాదాపు అర్ధశతాబ్దము రేవు ఊరకుండెను. 2005లో ట్రాము, బస్సుల టిక్కెట్టుతోనే ఎక్కదగిన పడవ మరల వచ్చెను. అయితే బెస్తవృత్తి దాదాపు అంతరించినది. ఓడల రాకపోకలకై నదీగర్భమును లోతుచేసినందున, ఆటు సమయమున నీటిమట్టము పూర్వముకన్న చాల దిగజారినది. నది దగ్గరనే యున్నది. నదివలన బ్రతుకు మాత్రము మారిపోయినది.

ఊరిలో మరియొక భాగమున, ఉద్యానము నడుమ, 50 మీటర్లకు మించిన ఎత్తున కాంక్రీటు స్తంభములపై నిలిచిన ఒక మహాసౌధము కనిపించును. దీనిని మెజోఁ రాదియూజ్, అనగా ప్రకాశగృహము, అందురు. 1943 సెప్టెంబరులో పడిన బాంబులవలన నాంత్‌లో వేయిమందికి పైగా మరణించిరి. వేలకొలది కుటుంబములు నిలువనీడ లేనివైనవి. యుద్ధానంతరము ఒక గృహనిర్మాణ సహకార సంఘము, శిల్పి లె కార్బూజియే చేత ఈ సౌధమును 1953-55 మధ్య కట్టించెను. మన చండీగఢ్ నగర నిర్మాణభారమును స్వీకరించిన శిల్పి ఇతడే. అక్కడ ఒక రాష్ట్రమునకు రాజధానిని, ఇక్కడ సామాన్య కార్మికులకు గూళ్లను ఒకే కాలమున ఆయన రూపొందించుచుండెను.

ఇందు 294 ఇండ్లు కలవు. పెక్కు ఇండ్లు రెండంతస్తులుగా అమరియున్నవి, వెడల్పు 3.66 మీటర్లు మాత్రమే. ఖర్చు తగ్గించుటకు కొలతలను బిగించినను, ఇంటింటికి ఎండతగులు వసారాను విడువలేదు. లోపలి నడవలను వీధులనియే పిలుతురు. పైకప్పుమీద శిశుపాఠశాలను నెలకొల్పిరి. మొదట నివాసులు సహకార సంఘమున వాటాదారులై ఉండిరి. పిదప ఆ పద్ధతి తొలగి కొందరు స్వంతదారులు, కొందరు అద్దెదారులు అయిరి. అయినను నివాసుల సంఘము మాత్రము సడలలేదు. లె కార్బూజియే కట్టడములలో చండీగఢ్ కాపిటల్ సముదాయము, మార్సే నగర సౌధము మొదలగు 17 స్థలములను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినప్పుడు రెజే సౌధ మందు చేరలేదు. కాని దానిని కాపాడుకొనుటకు ఆ జాబితా అవసరము లేకపోయెను. ఫ్రెంచి ప్రభుత్వము దానిని చారిత్రక కట్టడముగా గుర్తించియున్నది.

తుదకు ఎల్లల మాట. 1941 జూన్ 30న వీషీ ప్రభుత్వము నాంత్ జిల్లాను బ్రిటనీనుండి వేరుపరచెను. యుద్ధానంతరము 1950 దశకములో ఏర్పడిన ప్రాంతముల విభజనలోను అది వేరుగనే నిలిచెను. నేడు రెజే ప్రభుత్వ పటములో పేయి ద ల ల్వార్ ప్రాంతమున నున్నది. జిల్లాను మరల బ్రిటనీలో కలుపు విషయమున ప్రజల అభిప్రాయము గైకొనవలెనని లక్షకు మించిన సంతకములతో 2018లో జిల్లాసభకు వినతిపత్రము సమర్పింపబడెను. ఎల్ల ఇంతవరకు మారలేదు.

పిక్తోనుల రేవు, బ్రెటన్ ప్రభువుల సీమ, నేటి ప్రాంతపు ఉపనగరము: రెజే ఎల్లలు ఇన్నిమారులు మారినవి. వీనిలో నొక్కటియు అచటివారిని అడిగి గీచినది కాదు. అడుగకనే గీచిన గీతల నడుమ వారు పడవను తిరిగి తెచ్చుకొనిరి, పునాదులను త్రవ్వి పిల్లలకు చూపుచున్నారు, 294 ఇండ్ల సౌధమును ఒక ఊరివలె నడుపుకొనుచున్నారు. పెద్ద నగరపు నీడలో చిన్న ఊరు తన పేరు నిలుపుకొనుటకు ఇట్టి నిత్యకృత్యములే ఆధారము.