పెద్ద కుక్కల గోళ్ళ కత్తిరింపు

పెద్ద కుక్కల గోళ్ళ కత్తిరింపు అనగా లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల పెంపుడు కుక్కలకు పెరిగిన గోళ్ళను తగిన పరికరంతో క్రమంగా తగ్గించడం. దీనిని అలంకరణలో భాగంగా భావించేవారు ఎక్కువ. కాని ఇది ప్రధానంగా కుక్క నడకకు, కీళ్ళకు సంబంధించిన విషయం.

అవసరం

అనకాపల్లి పరిసరాల్లో కంకర బాటల మీద, చెరకు తోటల గట్ల మీద రోజంతా తిరిగే ఊరకుక్కకు గోళ్ళు కత్తిరించవలసిన పని సాధారణంగా ఉండదు. నేల రాపిడికే అవి అరిగిపోతాయి. నున్నని టైల్సు లేదా గ్రానైటు పరచిన ఇంట్లో, మేడ మీద పెరిగే కుక్కకు ఆ రాపిడి లేదు. కనుక ఒకే జాతి కుక్కలైనా ఒకదానికి మూడు నాలుగు వారాలకు ఒకసారి కత్తిరింపు అవసరం కావచ్చు, మరొకదానికి అసలే అవసరం లేకపోవచ్చు. కదలకుండా నిలుచున్నప్పుడు గోళ్ళు నేలకు ఆనుతున్నా, నడిచేటప్పుడు టకటక శబ్దం వస్తున్నా కత్తిరించే సమయం వచ్చిందని గ్రహించాలి.

పొడవైన గోరు నేలను తాకిన ప్రతిసారీ వేలిని పైకి నెడుతుంది. ఆ నొప్పిని తప్పించుకోవడానికి కుక్క తన భారాన్ని వెనుకకు మార్చుకొని నడుస్తుంది. 30 కిలోలు దాటిన కుక్కలో, ముఖ్యంగా ముసలి కుక్కలో, ఇది కీళ్ళకు భారమవుతుంది. నున్నని నేలపై జారిపడే ప్రమాదమూ పెరుగుతుంది. మరీ నిర్లక్ష్యం చేస్తే గోరు వంకర తిరిగి అరికాలి మెత్తలోకి దిగుతుంది. మన వేడి వాతావరణంలో అటువంటి పుండుపై ఈగలు వాలి పురుగులు పట్టడానికి ఎంతో కాలం పట్టదు.

గోటి నిర్మాణం

కుక్కకు సాధారణంగా ముందు కాళ్ళకు ఐదేసి, వెనుక కాళ్ళకు నాలుగేసి, మొత్తం 18 గోళ్ళు ఉంటాయి. ముందు కాలి లోపలి వైపు కాస్త ఎత్తులో ఉండే ఐదవ గోరు నేలను తాకదు, కనుక అరగదు. కొన్ని కుక్కలకు వెనుక కాళ్ళకు కూడా ఇటువంటి గోరు ఉంటుంది. వెంట్రుకల చాటున ఉండే ఈ గోళ్ళను మరచిపోవడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. గుండ్రంగా తిరిగి చర్మంలోకి దిగేవి ఎక్కువగా ఇవే.

గోటి పైభాగం కెరటిన్ అనే గట్టి పదార్థం. లోపల రక్తనాళాలు, నరాలు గల సజీవ భాగం ఉంటుంది. దీనిని ఆంగ్లంలో క్విక్ అంటారు. తెల్లని గోటిలో ఇది గులాబీ రంగులో బయటికి కనిపిస్తుంది. నల్లని గోటిలో కనిపించదు, అసలు చిక్కంతా అక్కడే. గోరు పెరిగే కొద్దీ ఈ భాగం కూడా ముందుకు సాగుతుంది. అందువలన చాలాకాలం వదిలేసిన గోటిని ఒకేసారి పొట్టిగా చేయడం సాధ్యం కాదు. వారానికోసారి కొద్దికొద్దిగా తీస్తూ పోతే సజీవ భాగం క్రమంగా వెనుకకు తగ్గుతుంది.

పరికరాలు

మనుషులు వాడే గోళ్ళ కత్తెర చదునైన గోటికి ఉద్దేశించినది. కుక్క గోరు గుండ్రంగా ఉంటుంది కనుక అది నలిగి, చీలిపోతుంది.

గిలెటిన్ రకంలో గోటిని ఒక వలయంలో దూర్చి పిడిని నొక్కితే బ్లేడు కదిలి కోస్తుంది. చిన్న, మధ్యరకం కుక్కలకు ఇది అనుకూలం. గ్రేట్ డేన్ వంటి కుక్క గోరు ఆ వలయంలో పట్టదు, పట్టినా తెగక నలుగుతుంది. పెద్ద కుక్కలకు పటకారు రకమే తగినది. పొడవైన పిడి వలన తక్కువ బలంతో మందమైన గోరు తెగుతుంది. కొనేటప్పుడు అలుగులు స్టెయిన్‌లెస్ స్టీలువేనా, పిడి చేతిలో జారకుండా ఉందా, అలుగుల మధ్య ఎడం గోటి మందానికి చాలుతుందా అని చూడాలి. ఎక్కువ తెగకుండా కొన్నిటికి అమర్చే అడ్డుపట్టీని పూర్తిగా నమ్మరాదు. సజీవ భాగం పొడవు ప్రతి గోటికీ వేరు, ఆ సంగతి పట్టీకి తెలియదు.

మొద్దుబారిన అలుగు గోటిని కోయదు, నొక్కుతుంది. కుక్క ఒకసారి ఆ నొప్పి ఎరిగితే మరుసటిసారి పాదం ఇవ్వదు. వాడిన తరువాత పరికరాన్ని తుడిచి ఆరబెట్టాలి. తీరప్రాంతపు తేమలో చుక్క నూనె రాయడం మంచిది.

బ్యాటరీతో తిరిగే అరగదీసే యంత్రం నల్లని గోళ్ళకు ఉపయోగకరం. అయితే అది వేడెక్కుతుంది కనుక రెండు మూడు క్షణాలకు మించి ఒకచోట ఆనించరాదు. పాదంపై పొడవైన వెంట్రుకలు చుట్టుకోకుండా పక్కకు తీయాలి.

విధానం

కుక్కను ముందుగా పాదం పట్టించుకోవడానికి, పరికరం శబ్దానికి కొన్ని రోజులు అలవాటు చేయాలి. ఇది పిల్లప్పుడే మొదలుపెడితే సులభం. ఒకరు కుక్కను బుజ్జగిస్తూ పట్టుకొంటే మరొకరు పని చేయాలి. కరిచే స్వభావం గల కుక్కకు మూతికట్టు తప్పదు. వేలిని మెల్లగా నొక్కి గోటిని బయటకు తెచ్చి, కొన నుండి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున ఏటవాలుగా కోయాలి. నల్లని గోటిలో ప్రతి కోత తరువాత కోసిన ముఖాన్ని చూడాలి. మొదట సున్నంలా తెల్లగా, పొడిగా ఉంటుంది. మధ్యలో మెత్తని ముదురు రంగు చుక్క కనిపించగానే ఆపాలి. అన్ని గోళ్ళూ ఒకే రోజు తీయాలన్న నియమం ఏమీ లేదు.

రక్తస్రావం

సజీవ భాగం తెగితే రక్తం కారుతుంది. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. రక్తం ఆపే పొడి లేనప్పుడు మొక్కజొన్న పిండి అద్దవచ్చు. సాధారణంగా ఐదు పది నిమిషాల్లో ఆగిపోతుంది. అరగంట దాటినా ఆగకపోతే కారణం కోతలోనే ఉందని అనుకోరాదు. పిడుదుల ద్వారా సోకే ఎర్లికియా కేనిస్ జ్వరంలో రక్తఫలకికలు తగ్గిపోతాయి. వ్యాధి బయటపడక ముందే చిన్న గాయం నుండి రక్తం ఆగకుండా కారవచ్చు. అటువంటి కుక్కను వెంటనే పశువైద్యునికి చూపించాలి. నొప్పి తగ్గడానికి మనుషుల ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రలు వైద్యుని సలహా లేకుండా ఇవ్వరాదు, అవి కుక్కకు విషంగా మారగలవు.

పని చేసేవారికి గీతలు పడటం మామూలే. అయినా రేబిస్ టీకా సక్రమంగా వేయని కుక్క గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి. మెత్తలోకి దిగిన గోటిని ఇంట్లో లాగే ప్రయత్నం చేయరాదు. అది పశువైద్యశాలలో మత్తు ఇచ్చి తీయవలసినది.