యూరియా గాల్లోకి ఎలా పోతుంది? ఇన్‌ఫ్రారెడ్‌లో ఎంజైమ్‌ని చూద్దాం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా వరి మడుల్లో చల్లే యూరియా బస్తా ఒకటి తీసుకుందాం. 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. అదంతా పైరుకే పోతుందా? పోదు. కొంత అమ్మోనియాగా మారి గాల్లో కలుస్తుంది. మన నల్లరేగడిలో క్షార గుణం ఉంటుంది కాబట్టి ఆ నష్టం ఇంకా ఎక్కువ.

యూరియాని విడగొట్టేది యూరియేజ్ అనే ఎంజైమ్. మట్టిలోని సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. 1926లో జేమ్స్ సమ్నర్ మన తమ్మకాయకి దగ్గరి చుట్టమైన ఒక చిక్కుడు గింజ నుంచి దీన్ని స్ఫటికాలుగా తీశాడు. 1946లో నోబెల్ వచ్చింది.

సరే, ఇది పనిచేస్తుంటే చూడటం ఎలా? మామూలుగా మధ్యమధ్యలో శాంపిల్ తీసి, రియాక్షన్ ఆపి, రంగు వచ్చే మందు కలిపి కొలుస్తారు. ప్రోగ్రామ్‌ని ఆపి ఆపి చూసినట్టు. ఇన్‌ఫ్రారెడ్ అంటే, అది నడుస్తుండగానే లాగ్ చదవడం.

అణువులోని బంధాలు స్ప్రింగుల్లా ఊగుతుంటాయి. ఒక్కో ఊపుకి ఒక్కో వేగం. ఆ వేగానికి సరిపోయే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని అణువు మింగేస్తుంది. దీన్ని సెంటీమీటరుకి ఎన్ని అలలు అని లెక్కపెడతారు. యూరియా గుర్తు 1160 దగ్గర, విడిపోయాక వచ్చే బైకార్బనేట్ గుర్తు 1360 దగ్గర. ఎంజైమ్ వేయగానే మొదటిది తగ్గుతూ, రెండోది పెరుగుతూ కనిపిస్తుంది. రంగు అక్కర్లేదు, ఆపక్కర్లేదు.

చిక్కల్లా నీళ్లతోనే. 1640 దగ్గర నీరే కాంతిని బాగా మింగేస్తుంది. అందుకే శాంపిల్‌ని వెంట్రుక కన్నా చాలా పల్చటి పొరగా పెడతారు, లేదంటే భారజలం వాడతారు.

దీనివల్ల రైతుకేంటి? యూరియేజ్‌ని ఆపే మందు నిజంగా పనిచేస్తుందా లేదా అని ఇలా తేల్చొచ్చు. మందు వేశాక 1160 మెల్లగా తగ్గితే పనిచేస్తున్నట్టే. అయితే ల్యాబ్‌లో ద్రావణం వేరు, పొలంలో మట్టి వేరు. చివరికి పొలంలోనూ చూడాల్సిందే.

ఇంకో మాట. 2015 నుంచి మన యూరియాకి వేపపూత తప్పనిసరి. కానీ వేప ముఖ్యంగా ఆపేది తర్వాతి మెట్టుని, అంటే అమ్మోనియా నైట్రేట్‌గా మారడాన్ని. గాల్లోకి పోయేదానికి అదొక్కటే సరిపోదు. అందుకే మడిలో నీళ్లు తీసేసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టమంటారు. యూరియా మట్టిలోకి దిగితే, పుట్టిన అమ్మోనియాని మట్టి పట్టుకుంటుంది.

డౌట్లుంటే కామెంట్‌లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.